గురి తప్పని గొట్టం

తుపాకి గొట్టం ఎంత పొడుగైతే గురి అంత బాగా కుదురుతుందని చాలామంది నమ్మకం. పెళ్ళికొడుకు పొడుగును చూసి గుణం నిర్ణయించినట్లే వుంటుందిది! గొట్టం గుణం దాని పొడుగులో లేదు, లోపల వున్నది.

2024 పారిస్ ఒలింపిక్సులో స్వప్నిల్ కుశాలే 50 మీటర్ల రైఫిల్ పోటీలో మన దేశానికి కాంస్య పతకం తెచ్చాడు. ఆ పోటీలో గురిపలక మీది పది మార్కుల వలయం వ్యాసం 10.4 మిల్లీమీటర్లు. అంటే చిటికెనవేలి గోరంత! అంత దూరాన అంత చిన్న వలయాన్ని పదే పదే కొట్టాలంటే చేతికీ నిలకడ వుండాలి, గొట్టానికీ వుండాలి. మన యింటి పిల్ల ఈ విద్యలో దిగి, “నాన్నా, కొత్త గొట్టం కావాలి” అంటే ఏం చూసి కొనాలి?

గొట్టం లోపల మరచుట్టులాగ గాళ్ళు వుంటాయి. గుండు వాటిని ఒరుసుకుంటూ పోయి, గిరగిర తిరుగుతూ బయటపడుతుంది. తిరిగే బొంగరం పడిపోనట్లే తిరిగే గుండు తల్లకిందులు కాదు. ఎన్ని అంగుళాలకు ఒక చుట్టు పూర్తవుతుందో అదే మెలిక.

ఒకప్పుడు ఇంగ్లీషు సైన్యపు ఎన్‌ఫీల్డు తుపాకిలో 78 అంగుళాలకు ఒక చుట్టు వుండేది. జోసెఫ్ విట్‌వర్త్ అనే ఇంజనీరు ఆరు పలకల రంధ్రం చేసి, 20 అంగుళాలకే ఒక చుట్టు త్రిప్పాడు. 1857లో జరిగిన పరీక్షల్లో ఎన్‌ఫీల్డు దాని ముందు నిలవలేదు. 1860లో వింబుల్డన్‌లో, పీఠానికి బిగించిన ఆ తుపాకి మీటను విక్టోరియా రాణి పట్టుతాడుతో లాగగా, 400 గజాల అవతల గుండు నడిబిందువుకు అంగుళంపావు దూరంలో తగిలింది. అయినా సైన్యం దానిని స్వీకరించలేదు. ఖరీదెక్కువ, మసి త్వరగా పట్టేది. ఏ పనికి తగిన గొట్టం ఆ పనికే గదా!

గుండు పొడుగైనకొద్దీ మెలిక బిగువుగా వుండాలని 1879లో గ్రీన్‌హిల్ లెక్క కట్టి చూపాడు. పాయింట్ టూటూ రైఫిల్ చిన్న గుండుకు 16 అంగుళాలకొక చుట్టు వాడుక. కనుక ముందు గుండు, తరువాత గొట్టం.

రెండవది, రంధ్రం మొదలునుంచి చివరదాకా ఒకే తీరున వుండాలి. మంచి పనివారు సీసపు ముద్దకు రాపిడిపొడి పూసి, లోపల తోమి సమం చేస్తారు. మూతి దగ్గర వదులైతే మరీ చేటు. మూతి అంచున చిన్న నొక్కున్నా అటునుంచి వాయువు ముందుగా తన్నుకువచ్చి గుండును పక్కకు నెడుతుంది.

లావు గొట్టం త్వరగా వేడెక్కదు, తక్కువగా అదురుతుంది. కాని నిలబడి కాల్చేవారు ఆ బరువు మోయాలి! ఇక పొడుగు సంగతి. పాయింట్ టూటూ తూటాలో మందు కొద్ది. దాని బలం ఇరవై అంగుళాల లోపే దాదాపు తీరిపోతుంది. ఆపై పొడుగు గురి చూసే భాగాలను ఎడంగా అమర్చుకోవడానికే పనికివస్తుంది.

అన్నిటికన్న ముఖ్యం పరీక్ష. ఒకే కంపెనీ తూటాలైనా ఒక విడతవి ఒక గొట్టానికి నప్పుతాయి, మరొక విడతవి నప్పవు. కనుక రైఫిలును పీఠానికి కదలకుండా బిగించి, వేరు వేరు విడతల తూటాలతో పదేసి గుండ్లు కాల్పించి చూడండి. పీఠం మీద గుండ్లన్నీ ఒక్కచోట గుంపుగా పడి, చేతిలో చెదిరితే లోపం గొట్టానిది కాదు, సాధన పెరగాలి. ఏ తూటా వేసినా పీఠం మీదనే చెదిరితే పాపం, ఆ పిల్ల ఇన్నాళ్ళూ తనది కాని తప్పుకు బాధపడిందన్నమాట.

ఆ పరీక్ష కానిదే డబ్బు తీయకండి, పిల్లనూ మందలించకండి.