ఆదవాని దివాను వెంకన్న కథ: స్వామిభక్తి పరిపాకము

పాత్రపోషణమును గూర్చి విచారించునపుడు మనము సాధారణముగా ప్రబంధములను, నాటకములను బరిశీలింతుమే కాని, జనుల నోట బ్రతుకుచున్న స్థలకథల నంతగాఁ బాటింపము. అట్టి కథలయందును పాత్ర క్రమముగా నెదుగుటయు, దానితోఁ గూడ స్వామిభక్తి స్వరూపము మాఱుటయుఁ గానవచ్చును. కర్నూలు మండలపు పడమటి భాగమున, ఆదవానియందును, తుంగభద్రాతీరమునఁ గల మంత్రాలయమందును చెప్పుకొను వెంకన్న కథ యిందుకు మంచి నిదర్శనము.

చారిత్రకాంశములను ముందుగా వేఱుచేసి చెప్పుట యుక్తము. 17వ శతాబ్ది యుత్తరార్ధమున ఆదవాని దుర్గము బిజాపురపు సుల్తానులకు లోఁబడి సిద్దీ మసూదుఖాను పాలనమున నుండెను. 1688లో మొగలుల వశమయ్యెను. పూర్వాశ్రమమున వేంకటనాథుఁడను పేరుగల శ్రీ రాఘవేంద్రతీర్థులు 1621లో సన్న్యసించి, 1671లో విరోధికృత్సంవత్సర శ్రావణ బహుళ విదియనాఁడు మంచాల గ్రామమున బృందావనప్రవేశము చేసిరి. ఆ మంచాలయే నేఁటి మంత్రాలయము. తక్కిన కథ మఠసంప్రదాయమువలన వచ్చినది. దానిని సాహిత్యదృష్టితోఁ జూచుటయే యిచట నుద్దేశము.

వెంకన్న తల్లిదండ్రులు లేని బాలుఁడు. మేనమామ యింటఁ బశువులఁ గాచుకొనుచు, అక్షరమెఱుఁగక పెరిగినవాఁడు. సంచారమునకు వచ్చిన స్వామివారు వానికి మంత్రాక్షత లొసఁగి, కష్టకాలమునఁ దమ్ముఁ దలఁచుకొమ్మని చెప్పిరి. కొంతకాలమునకు ఆ దారిన గుఱ్ఱముపైఁ బోవుచున్న నవాబునకు జాబొకటి యందెను. దానిని జదువుమని యతఁడు బాలుని నిర్బంధించెను. రాదన్నను వినఁడాయెను. వెంకన్న వెఱచి గురువును దలఁచెను, జాబు చదివెను. అందు శుభవార్త యుండుటచే నవాబు సంతసించి వానిఁ జేరఁదీసెను. వాఁడే కాలక్రమమున దివానయ్యెను.

ఇదంతయు మహిమయే గదా, ఇందుఁ బాత్రవికాస మెక్కడిదని యాక్షేపింపవచ్చును. ఆక్షేపణ సమంజసమే. ఇంతవఱకు వెంకన్న భక్తి యాపదలోఁ బుట్టిన స్మరణమాత్రము. తనకై తాను వేఁడుకొనెను, తనకే ఫలము గలిగెను. కథ యిచ్చటనే ముగిసినచో నది వరకథ యగునే కాని పాత్రకథ కాదు. అక్షరజ్ఞానము వెంకన్నకు వరముగా వచ్చినది. గుణ మట్లు రాలేదు. దాని నతఁడు పిదప సంపాదించుకొనవలసి వచ్చెను.

రెండవ ఘట్టమున నతని కిద్దఱు స్వాము లేర్పడిరి: అన్నమిడు ప్రభువొకఁడు, అక్షరమిడిన గురువొకఁడు. తన దివాను గొలుచు యతిని బరీక్షింపఁగోరి నవాబు పళ్లెరమున మాంసముంచి, వస్త్రము గప్పి కానుకగా సమర్పించెననియు, స్వామివారు తీర్థము ప్రోక్షింపఁగా నది ఫలపుష్పములయ్యెననియు సంప్రదాయము. శ్రోతల దృష్టి యా పళ్లెరముపైననే నిలుచును. పాత్రను బరిశీలించువాఁడు వెంకన్నవంకఁ జూడవలెను. గురువున కవమానము జరిగిన ప్రభువును విడువవలెను. ప్రభువు కోపించిన గురువును గాపాడఁజాలఁడు. ఈ సంకటమున నతఁడు ప్రభువునకును గురువునకును దేనిని మఱుఁగుపఱుపలేదు.

ఇంచుమించుగా ఆ కాలముననే గోలకొండ రాజ్యమున నిట్టి సంకటమే కంచెర్ల గోపన్నకుఁ గలిగెను. తానాషా కొలువునఁ బాల్వంచ తహసీల్దారుగా నుండి యతఁడు రాజద్రవ్యమును భద్రాచల దేవాలయమునకు వెచ్చించి చెఱసాలపాలయ్యెనని ప్రసిద్ధి. గోపన్న దైవముకొఱకుఁ బ్రభువాజ్ఞను మీఱెను. వెంకన్న ప్రభువుచేతనే గురువునకు గ్రామమిప్పించెను. ఒకరు గొప్ప, మఱొకరు తక్కువ యని తీర్పు చెప్పఁబనిలేదు. గోపన్న కథలో విశ్వాసము వేదనచేఁ బరీక్షింపఁబడెను. వెంకన్న కథలో నది వివేకముచేఁ బరీక్షింపఁబడెను.

మూఁడవ ఘట్టమే పరిపాకము. నవాబు గ్రామమీయఁబూనఁగా స్వామివారు నిస్సారమైన మంచాలను గోరిరి. రాబడి లెక్క లెఱిఁగిన దివానునకు సారవంతములైన భూములుండ నా కోరిక వింతగాఁ దోఁచుట సహజము. ప్రహ్లాదుఁడు యజ్ఞము చేసిన స్థల మదియని స్వామివారి సమాధానము. వెంకన్న తన లెక్కను విడిచి గురువుమాటను గైకొనెను. పిదప స్వామివారికై యతఁడు శ్రద్ధతో నొక బృందావనమును జెక్కించెను. స్వామివారు దానిని దమకు వలదని, భావికాలమున మఱొక యతికి నిలుపుమని చెప్పి, మాధవరము చెంతనున్న శిలతో వేఱొకటి చేయింపుమనిరి. తొల్లి చేయించినది తరువాత వాదీంద్రతీర్థులకు వినియోగింపఁబడినదని చెప్పుదురు.

కథలోఁ బాఠకులు తఱచుగా దాఁటిపోవు స్థలమిదియే. ఆపదలోఁ గొలుచుట సులభము. సంపదలోఁ గానుక లిచ్చుటయుఁ గష్టము కాదు. తాను బ్రేమతోఁ జేసిన పని తిరస్కృతమైనపుడు మనసు నొచ్చుకొనక, రెండవమాఱు అదే శ్రద్ధతోఁ బని మొదలిడుట దుర్లభము. తనకై గురువును దలఁచిన బాలుఁడు, గురువుకొఱకుఁ దన యిష్టమునే విడిచిన దివానయ్యెను. కథాదియందు గురువతనికిఁ జదువఁగల శక్తి నొసఁగెను. కథాంతమున నతఁడు గురువు మనస్సునే చదువ నేర్చెను.

పాఠశాలలయం దీ కథను జెప్పునపుడు జాబును, పళ్లెరమును వర్ణించి విడువక, ఆ తొలి బృందావనమును గూర్చి బాలురఁ బ్రశ్నింపుదురేని, పాత్రవికాస మన నేమో లక్షణశ్లోకములకంటె ముందుగనే వారికి బోధపడఁగలదు.