స్ప్రింగులు లేని బండి

మా మేనల్లుడికి పద్దెనిమిదేళ్లు నిండుతున్నాయి. ఏం కావాలిరా అంటే, "ఫోన్ వద్దు మావయ్యా, వాచీ వద్దు. ఒక్కసారి స్పోర్ట్స్ కారు ట్రాక్ మీద తోలాలి" అన్నాడు. భీమవరంలో కూర్చుని కోరే కోరికేనా అది? మా వైపు రోడ్డంటే ఓ పక్క కాలవ, రెండో పక్క చేపల చెరువు, మధ్యలో ఐసు వేసుకుని పరుగెత్తే రొయ్యల వ్యాను. అరవై దాటితే బండి గట్టు మీద ఉంటుందో చెరువులో ఉంటుందో మావుళ్లమ్మ తల్లికే తెలియాలి.

కారు తోలేంత పెద్ద ట్రాక్ ఒకటి చెన్నై పక్కన ఇరుంగాట్టుకోట్టైలో ఉంది. మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్బు 1990లో తెరిచింది. ఒక చుట్టు 3.7 కిలోమీటర్లు. అంతకుముందు అక్కడి కారు పందేలు షోలవరంలో, రెండో ప్రపంచ యుద్ధం నాటి రన్‌వే మీద జరిగేవి. పందెం లేని రోజుల్లో డబ్బు కట్టినవాళ్లు సొంత బళ్లు తెచ్చుకుని తోలుకోవచ్చు. దాన్నే ట్రాక్ డే అంటారు. హైదరాబాద్‌కు కూడా ఒకసారి ట్రాక్ యోగం పట్టింది. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున మామూలు రోడ్లనే 2.83 కిలోమీటర్ల ట్రాక్‌గా మార్చి ఫార్ములా ఈ కరెంటు కార్లను ఉరికించారు. ఫ్రాన్స్ దేశస్థుడు జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. మరుసటి ఏడాది పందెం రద్దయింది. ఆ రోడ్డు మళ్లీ ఆటోల పాలైంది.

సర్కార్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే చెన్నై ఎంతసేపు గనక? కానీ అక్కడ తోలడానికి స్పోర్ట్స్ కారు ఉండాలి. మా ఇంట్లో ఉన్నది పన్నెండేళ్ల ఆల్టో. లెక్కలన్నీ వేసుకుని వాణ్ణి హైదరాబాద్ శివారులో ఒక గోకార్టింగ్ ట్రాక్‌కు తీసుకెళ్లాను. గుమ్మంలోనే వాడి మొహం మాడిపోయింది. "ఇది చిన్నపిల్లల బండి కదా మావయ్యా!"

చిన్నదే, సందేహం లేదు. ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య మీటరు పైచిలుకు దూరం. నాలుగు ఇనప గొట్టాలు, ఒక సీటు, వెనకాల ఒక ఇంజను. గేర్లు లేవు, స్ప్రింగులు లేవు, తలుపులు లేవు. అయినా ఆ పిల్లబండి కథ వింటే స్పోర్ట్స్ కారు మీద మోజు కాస్త తగ్గుతుందని నా నమ్మకం.

దాన్ని పుట్టించినవాడు అసలు పెద్ద బళ్ల మనిషి. పేరు ఆర్ట్ ఇంగెల్స్. అమెరికాలో లాస్ ఏంజెలెస్ పక్కన గ్లెండేల్‌లో కర్టిస్ క్రాఫ్ట్ అనే కంపెనీలో పనిచేసేవాడు. ఇండియానాపొలిస్ పందేలకు కార్లు కట్టే కంపెనీ అది. పగలంతా ఇతరుల కోసం రేసు కార్లు కట్టినవాడు 1956లో తన సరదా కోసం లూ బొరెల్లి అనే స్నేహితుడితో కలిసి గొట్టాలు అతికి ఒక చట్రం చేశాడు. దాని వెనకాల గడ్డి కోసే యంత్రం ఇంజను తగిలించాడు. వెస్ట్ బెండ్ కంపెనీ తయారుచేసిన ఆ చిన్న టూ స్ట్రోక్ ఇంజన్లు మిగులు సరుకుగా చవగ్గా దొరికేవి. బలం రెండున్నర గుర్రాల ప్రాంతం. మా వైపు రొయ్యల చెరువులో నీళ్లు చిలికే ఏరేటర్ మోటారుకు ఉండేపాటి బలం.

పాసడీనాలో రోజ్ బౌల్ స్టేడియం పార్కింగ్ స్థలంలో ఇంగెల్స్, అతని మిత్రులు ఈ బళ్లతో చక్కర్లు కొట్టేవారు. చూసినవాళ్లకు చేతులు దురద పెట్టాయి. వారిలో సైలెన్సర్ల షాపు నడిపే డఫీ లివింగ్‌స్టోన్ ఒకడు. తనకొకటి చేసుకున్నాడు, ఆనక పక్కవాళ్లకూ చేసిచ్చాడు, చివరికి ఇద్దరు భాగస్వాములతో కలిసి అజూసా అనే ఊళ్లో ఫ్యాక్టరీయే పెట్టేశాడు. గోకార్ట్ అన్న పేరు పెట్టింది లిన్ వైన్‌ల్యాండ్ అనే పత్రికా మనిషి. బండి అనే అర్థమున్న ఇంగ్లిష్ మాటలో మొదటి అక్షరం మార్చి కొత్త పేరు చేశాడు. తెలుగులో రాస్తే ఆ తేడా కనబడదు. మనకు ఎడ్లబండీ కార్టే, ఇదీ కార్టే.

1959లో మెకల్లక్ కంపెనీ ప్రత్యేకంగా కార్టుల కోసమే మొదటి ఇంజను తెచ్చింది. అదీ పూర్తిగా కొత్తదేం కాదు, చెట్లు కోసే రంపం ఇంజనుకు చేసిన మార్పు. గడ్డి కోసేది, చెట్టు కోసేది, ఏది దొరికితే అది మోసుకుంటూ ఈ బండి పెరిగింది. ఆటకు అంతర్జాతీయ సంఘం 1962లో ఏర్పడింది, 1964లో తొలి ప్రపంచ పోటీ జరిగింది. ఎనిమిదేళ్లలో పార్కింగ్ స్థలం నుంచి ప్రపంచ పోటీ దాకా వచ్చిన యంత్రాలు ఎన్నో లేవు.

ఇక అసలు సంగతికి వస్తాను. చట్రం కిందికి వంగి చూపించాను మావాడికి. వెనక రెండు చక్రాలనూ కలుపుతూ ఒకటే ఇరుసు, అడ్డంగా, బోసిగా. డిఫరెన్షియల్ లేదు.

డిఫరెన్షియల్ అంటే ఏమిటో పట్నంలో పుట్టినవాళ్లకు బొమ్మ గీసి చెప్పాలి. మాకు అక్కర్లేదు. దమ్ము చేసేటప్పుడు ట్రాక్టర్ ఒక చక్రం ఊబిలో దిగి గిర్రున తిరుగుతుంది, రెండోది కదలకుండా నిలబడిపోతుంది. అప్పుడు డ్రైవరు కింద ఒక పెడల్ తొక్కుతాడు. అదే డిఫరెన్షియల్ లాక్. రెండు చక్రాలూ జంటగా తిరిగి బండి గట్టెక్కుతుంది. గట్టెక్కాక కాలు తీసేయాలి. తీయకుండా మలుపు తిప్పబోతే ట్రాక్టర్ మొండికేసి తిన్నగా పోతుంది.

ఎందుకంటే మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం నడవాలి. చక్రాల మధ్య దూరం 1.1 మీటరు అనుకుందాం. బండి పూర్తిగా వెనక్కి తిరిగితే బయటి చక్రం లోపలిదానికన్నా దాదాపు మూడున్నర మీటర్లు ఎక్కువ తిరగాలి. ఆ తేడాను సర్దేదే డిఫరెన్షియల్. ఒనెసిఫోర్ పెక్యూర్ అనే ఫ్రెంచి పనిమంతుడు 1827లో ఆవిరి బండి కోసం దానికి పేటెంట్ తీసుకున్నాడు. తర్వాత కార్లు వచ్చాక వాటిలోనూ చేరింది. కార్టులో లేదు. అంటే కార్టు ఎప్పుడూ లాక్ తొక్కి ఉంచిన ట్రాక్టరే. మరి మలుపు ఎలా తిరుగుతుంది?

కోళ్లు కుదరని మంచం ఒకటి ఊహించుకోండి. ఒక కోడు పొడుగు, ఒక కోడు పొట్టి. ఏనాడూ నాలుగూ నేల మీద ఆనవు. ఎటు ఒరిగి కూర్చుంటే అటు వాలి, ఎదురు మూల కోడు గాల్లోకి లేస్తుంది. కార్టు చేసేది ఇదే. దాని ముందు చక్రాలను పట్టుకునే కీలును ఏటవాలుగా బిగిస్తారు. స్టీరింగ్ తిప్పగానే లోపలి ముందు చక్రం కిందికి దిగుతుంది, బయటిది పైకి పోతుంది. పొడుగు కోడు, పొట్టి కోడు తయారు. అదే క్షణంలో మలుపు ఊపుకు బరువంతా బయటికి ఒరుగుతుంది. దాంతో లోపలి వెనక చక్రం నేల వదిలి పిసరంత లేస్తుంది. గాల్లో ఉన్న చక్రం ఎన్ని తిరుగుళ్లు తిరిగితే ఎవరికి బాధ? కార్టు మూడు కాళ్ల మీద మలుపు దాటేస్తుంది.

స్ప్రింగులు లేకపోవడం లోపం కాదని అప్పుడు అర్థమవుతుంది. చట్రమే స్ప్రింగు. గొట్టాలు మెలిపడి, మళ్లీ తిన్నగా అవుతాయి. సీటును నేరుగా ఆ గొట్టాలకే బిగిస్తారు కాబట్టి దాని బిగువు కూడా చట్రం మెలిక మీద పనిచేస్తుంది. అందులో కూర్చున్నవాడి బరువు లెక్కలో పెద్ద వాటా. లావుపాటి మనిషి దిగి సన్నపాటివాడు ఎక్కితే అదే బండి వేరే బండి అవుతుంది.

మావాడు హెల్మెట్ పెట్టుకుని ఎక్కాడు. ఆ బండి ఇంజను చూస్తే నాకు నవ్వొచ్చింది. కాలవ నీళ్లు తోడే పంపుకూ, పెళ్లి పందిట్లో జనరేటర్‌కూ వాడే రకం ఫోర్ స్ట్రోక్ పెట్రోల్ ఇంజనే. క్లచ్చి కూడా పాత చుట్టమే. చేపల బుట్ట కట్టుకుని తిరిగే టీవీఎస్ ఎక్స్‌ఎల్‌లో ఉంటుంది చూడండి, ఇంజను వేగం పెరిగితే లోపలి దిమ్మలు బయటికి విచ్చుకుని డ్రమ్మును పట్టుకుంటాయి, అదే పద్ధతి. పోటీల్లో దిగే కార్టుల సంగతి వేరు. వాటి 125 సీసీ టూ స్ట్రోక్ ఇంజన్లు ముప్ఫై గుర్రాల దరిదాపుల్లో బలం ఇస్తాయి. వాటికి సీటు బెల్టు కూడా ఉండదు. బోల్తా పడితే తలను కాపాడే చట్రం లేని బండికి మనిషిని కట్టేయడం కన్నా వదిలేయడమే మేలని.

మొదటి మలుపులోనే మావాడు బొంగరంలా తిరిగి, వచ్చిన దారికే ఎదురుగా నిలబడ్డాడు. చేసిన తప్పు అందరూ చేసేదే. మలుపులోకి దిగాక బ్రేకు తొక్కాడు. ఇలాంటి కార్టుకు బ్రేకు వెనక ఇరుసు మీదే ఉంటుంది, డిస్కు ఒకటే. మలుపు మధ్యలో తొక్కితే వెనక చక్రాలు రెండూ పట్టేసి, తోక ముందుకొస్తుంది. తొక్కాల్సింది మలుపుకు ముందు, స్టీరింగ్ తిన్నగా ఉన్నప్పుడే.

ఇదే తప్పు కొత్త స్పోర్ట్స్ కారులో చేస్తే చాలాసార్లు ఏమీ కాదు. చక్రం పట్టేయకుండా చూసే నేటి తరహా ఏబీఎస్ 1978లో కార్లలోకి వచ్చింది. బండి జారబోతే ఏ చక్రానికి ఎంత బ్రేకు వేయాలో తానే తేల్చుకునే ఏర్పాటు 1995 నుంచి ఉంది. ఇవి ప్రాణాలు కాపాడే గొప్ప సాధనాలు, రోడ్డు మీద అవి ఉండి తీరాలి. కానీ తోలేవాడి తప్పును వాడికే తెలియకుండా సర్దేస్తాయి. కార్టుకు ఆ మొహమాటం లేదు. తప్పు చేస్తే అక్కడికక్కడే తిప్పి నిలబెడుతుంది, అదీ ఒళ్లు విరగని వేగంలో.

ఆ వేగం ఎంతనుకున్నారు? మావాడు దిగి "వంద కొట్టాను మావయ్యా" అన్నాడు. అడిగితే అక్కడి కుర్రాడు యాభై కూడా దాటదండి అన్నాడు. మావాడు అబద్ధం ఆడలేదు, వాడి కళ్లు ఆడాయి. సీటు నేలకు జానెడు ఎత్తు కూడా ఉండదు. నేల ఎంత దగ్గరగా ఉంటే అది అంత జోరుగా వెనక్కి పరుగెత్తినట్టు అనిపిస్తుంది. ఒంటికి తగిలే తోపుడు మాత్రం భ్రమ కాదు. పది మీటర్ల వ్యాసార్ధం ఉన్న మలుపును గంటకు 36 కిలోమీటర్ల వేగంతో తిరిగితే, మనిషి మీద పక్క నుంచి పడే తోపుడు దాదాపు వాడి బరువంత. పోటీ కార్టుల్లో అది రెండింతలు దాటుతుంది. అందుకే వాళ్లు పక్కటెముకలకు కవచం కట్టుకుంటారు.

రెండో విడతలో మావాడు ముందే బ్రేకు తొక్కి, మలుపు లోపలి అంచును రాసుకుంటూ పోయాడు. చుట్టుకు నాలుగు సెకన్లు తగ్గాయి. స్పోర్ట్స్ కారు ఊసు మళ్లీ ఎత్తలేదు. మూడో టికెట్టుకు డబ్బులు అడిగాడు.

పేరుమోసిన ఫార్ములా వన్ ఛాంపియన్లూ ఇక్కడి నుంచే మొదలయ్యారు. అయర్టన్ సెనాకు నాలుగేళ్లప్పుడు తండ్రి ఇలాంటి బండే చేసిచ్చాడు, గడ్డి కోసే యంత్రం ఇంజనుతో. మైకేల్ షూమాకర్‌కూ నాలుగేళ్లకే తండ్రి పెడల్ బండికి చిన్న మోటారు తగిలించి ఇచ్చాడు. ఆ పిల్లాడు వెళ్లి దీపస్తంభానికి గుద్దాడు. ఫార్ములా వన్ గెలిచాక కూడా సెనా మనసు కార్టుల మీదే ఉండేది. అంతకుముందు 1979లోనూ 1980లోనూ కార్టుల ప్రపంచ పోటీలో రెండో స్థానంలోనే ఆగిపోయాడు. మూడు సార్లు ఫార్ములా వన్ ఛాంపియన్ అయినా ఆ ఒక్క కప్పూ చేతికి రాలేదు.

ఇంత మెచ్చుకున్నాక ఒక మాట చెప్పకపోతే తప్పు చేసినవాణ్ణవుతాను. అడ్డంగా బోసిగా తిరిగే ఆ ఇరుసు ఉంది చూశారా, అది తన పక్కకు వచ్చినదాన్నల్లా చుట్టేసుకుంటుంది. 2020 అక్టోబరులో హైదరాబాద్ శివారులోనే ఒక అమ్మాయి జుట్టు నడుస్తున్న కార్టు చక్రంలో చిక్కుకుంది. ఆమె ప్రాణం దక్కలేదు. మీ పిల్లల్ని ఏ పుట్టినరోజుకైనా తీసుకెళ్తే, టికెట్టు కొనే ముందు బండి వెనక్కి వెళ్లి ఇరుసుకూ చెయినుకూ మూత ఉందో లేదో వంగి చూడండి. జడను ముడి వేసి చొక్కా లోపలికి దోపించండి. చున్నీ, కండువా, మెడలో గొలుసు తీయించి మీ చేతిలో పెట్టుకోండి. హెల్మెట్ గడ్డం కింద పట్టీ మీరే బిగించండి. మూత లేని బండి ఇస్తే, ఎంత దూరం నుంచి వచ్చినా సరే, ఎక్కించకుండా తిరిగొచ్చేయండి.