పొరుగువాడితోనే పోరు

1976 మార్చి 9. ఫిలడెల్ఫియాలో మంచు విపరీతంగా కురిసిన రాత్రి. స్పెక్ట్రమ్ అరీనాకు చేరుకోగలిగినవాళ్లు కొద్దిమందే. మసాచుసెట్స్ నుంచి వచ్చిన ఒక యువకుణ్ని తమ ఊరి విల్లీ మన్రో పది రౌండ్లపాటు ఉతికి ఆరేయడం వాళ్లు కళ్లారా చూశారు. ఆ పోరుకు ఫిల్మ్ కూడా మిగల్లేదు. ఓడిన యువకుడు మార్విన్ హాగ్లర్. 1980లో ప్రపంచ మిడిల్‌వెయిట్ చాంపియన్ అయ్యాడు. మొత్తం 67 పోటీల్లో అతను ఓడింది మూడే మూడు. అందులో రెండు ఈ ఊళ్లోనే, ఎనిమిది వారాల తేడాలో. మొదటిది జనవరిలో, బాబీ వాట్స్ చేతిలో.

హాగ్లర్‌ను ఓడించిన ఆ ఇద్దరికీ ప్రపంచ టైటిల్ కోసం తలపడే అవకాశం ఒక్కసారి కూడా రాలేదు. ఫిలడెల్ఫియా వాళ్లతో బాక్సింగ్ గురించి మాట్లాడితే, చర్చ ఎక్కడ మొదలైనా చివరికి ఇక్కడికే వస్తుంది.

మనకు బాక్సింగ్ అంటే పతకం, జాతీయ జెండా. నిజామాబాద్ బిడ్డ నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో ప్రపంచ చాంపియన్ అయినప్పుడు ఆ గర్వం అందరం పంచుకున్నాం. ప్రొఫెషనల్ బాక్సింగ్‌లో జెండా ఉండదు. నీది ఏ పేట, ఏ జిమ్, నీ గురువు ఎవరు అన్నవే అక్కడ లెక్క. హైదరాబాద్ పాతబస్తీ కుస్తీ తాలీంఖానాల మధ్య, ఏ ఉస్తాద్ శిష్యుడు ఎవరిని పడగొడతాడన్న పంతం తెలిసినవాళ్లకు ఇది కొత్తగా అనిపించదు.

1970ల ఫిలడెల్ఫియాలో ఆ పంతానికి నాలుగు పేర్లు. 'బ్యాడ్' బెన్నీ బ్రిస్కో, 'సైక్లోన్' హార్ట్, 'బూగలూ' వాట్స్, 'ద వర్మ్' మన్రో. నలుగురూ 160 పౌండ్ల మిడిల్‌వెయిట్‌లే. ప్రపంచంలో ఏ దేశానికి వెళ్లినా పై వరుసలో నిలబడగలవాళ్లు. అలాంటివాళ్లు ఒకే ఊళ్లో ఉంటే ఇప్పటి ప్రమోటర్ ఏం చేస్తాడు? ఒకరికొకరు ఎదురుపడకుండా చూస్తాడు. ఆ రోజుల్లో మాత్రం వాళ్లలో వాళ్లకే పోటీ పెట్టారు.

పెట్టినవాడు రస్సెల్ పెల్ట్జ్. పత్రికలో ఉద్యోగం చేస్తూ, 22 ఏళ్ల వయసులో, 1969 సెప్టెంబర్ 30న బ్లూ హొరైజన్ హాల్లో తన మొదటి పోటీ ఏర్పాటు చేశాడు. ఆ రాత్రి అసలు పోరు బ్రిస్కోది. నార్త్ బ్రాడ్ స్ట్రీట్‌లోని ఆ పాత భవనంలో వెయ్యి, వెయ్యిన్నర మంది పడితే గొప్ప. బాల్కనీ రింగు మీదికి వంగినట్టు ఉండేది. కింద గ్లోవ్ తగిలిన చప్పుడు పైన కూర్చున్నవాడికీ స్పష్టంగా వినపడేది. ఇలాంటి చిన్న హాలు నిండేది స్థానికుడి వల్లే. బాక్సర్ తన వీధివాళ్లకు, బంధువులకు, పనిచేసేచోట తోటివాళ్లకు టికెట్లు అమ్ముకుంటాడు. ఎదుటివాడూ అదే ఊరివాడైతే మిగతా సగం హాలును అతను నింపుతాడు.

1975 నవంబర్‌లో బ్రిస్కో, హార్ట్ తలపడ్డారు. పది రౌండ్లయినా తేలలేదు, డ్రా. నిజంగా గెలిచింది ఎవరు? మళ్లీ కొడితే ఎవరు నిలబడతారు? తేలని పోరు మిగిల్చేవి ఇలాంటి ప్రశ్నలే. 1976 ఏప్రిల్‌లో రెండోసారి ఎదురుపడినప్పుడు బ్రిస్కో మొదటి రౌండ్‌లోనే ముగించేశాడు.

అయితే ఆ ఊరి బాక్సర్లకు కఠినమైన పోటీలు ఎదురైంది రింగులో మాత్రమే కాదు. అక్కడి జిమ్‌లలో సాధన పేరుతో జరిగే స్పారింగ్‌ను 'జిమ్ వార్స్' అనేవారు. టికెట్ లేదు, బెల్టు లేదు, డబ్బు లేదు. అయినా వెనక్కి తగ్గితే పరువు పోతుంది. ఫిలడెల్ఫియా బాక్సర్లకు ఆ మొండితనం వచ్చింది అక్కడే అంటారు అభిమానులు. ఎందరో తమ సత్తువనంతా ఆ నాలుగు గోడల మధ్యే ధారపోశారనీ వాళ్లే అంటారు. రెండూ నిజమేనని నా నమ్మకం. రెండోదే ఎక్కువ బాధ పెడుతుంది. తలకు తగిలే దెబ్బకు ఇది సాధన, ఇది పోటీ అన్న తేడా తెలియదు.

ఈ ఊరి పేరు చెబితే లోకానికి గుర్తొచ్చేది 'రాకీ' సినిమా. అందులోలా మ్యూజియం మెట్లెక్కి చేతులెత్తి ఫొటో దిగేవాళ్లలో మన తెలుగువాళ్లూ ఉంటారు. కబేళాలో పనిచేస్తూ, వేలాడదీసిన మాంసాన్ని గుద్దుతూ సాధన చేసింది నేనే, సినిమాలో చూపించింది అదే అని ఈ ఊరి బాక్సర్ జో ఫ్రేజియర్ చెప్పుకున్నాడు. సినిమా బాక్సర్‌కు 1980లలోనే విగ్రహం వచ్చింది. 1971లో మహమ్మద్ అలీకి ప్రొఫెషనల్‌గా మొదటి ఓటమి చూపించిన అసలు మనిషికి విగ్రహం పెట్టింది 2015లో. అప్పటికి ఆయన పోయి దాదాపు నాలుగేళ్లు. ఈ ఆలస్యాన్ని తలుచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

ఫ్రేజియర్ జిమ్ 2008లో మూతపడింది. బ్లూ హొరైజన్ 2010లో. అయినా ఊరి ఆకలి చావలేదు. 2024 జులైలో జర్మన్‌టౌన్ కుర్రాడు జారన్ 'బూట్స్' ఎన్నిస్ సొంతగడ్డ మీద ప్రపంచ వెల్టర్‌వెయిట్ టైటిల్ నిలబెట్టుకుంటుంటే, చూడటానికి 14 వేలమందికి పైగా వచ్చారు. శిక్షణ ఇచ్చేది తండ్రి బోజీ, ఆయనా పాత బాక్సరే. బూట్స్ చేతివేగం చూస్తే ముచ్చటేస్తుంది. కానీ అతనికి నిద్ర పట్టనివ్వని పొరుగువాడు ఎవరు? హార్ట్‌కు బ్రిస్కో ఉన్నట్టు ఇతనికి ఎవరూ కనిపించరు. ఓటమి సున్నాగా ఉన్న రికార్డుకే టీవీ ఒప్పందాల్లో ధర పలికే కాలమిది. అందుకే మేనేజర్లు ఆ సున్నాను కాపాడుతూ ఒకే ఊరి కుర్రాళ్లను దూరదూరంగా నడిపిస్తున్నారు. పోటీపడకుండానే వయసు మీరిపోయే జంటలను చూస్తే నాకు కోపం వస్తుంది.

హాగ్లర్ ఇక్కడ రెండుసార్లు ఓడాక ఈ ఊరిని తప్పించుకు తిరగలేదు. అదే 1976 సెప్టెంబర్‌లో వచ్చి హార్ట్‌ను ఓడించాడు. మరుసటి ఏడాది మన్రోను రెండుసార్లు పడగొట్టాడు. 1978 ఆగస్టులో స్పెక్ట్రమ్‌లో దాదాపు 15 వేలమంది ముందు బ్రిస్కోతో పది రౌండ్లూ ఆడి గెలిచాడు. అప్పటికి బ్రిస్కోకు 35 ఏళ్లు. మూడుసార్లు ప్రపంచ టైటిల్ కోసం వెళ్లి మూడుసార్లూ ఖాళీ చేతులతో తిరిగొచ్చినవాడు.

బ్రిస్కో 2010 డిసెంబర్‌లో పోయాడు. 66 గెలుపులు, 24 ఓటములు, 5 డ్రాలు. బెల్టు లేదు. ఫిలడెల్ఫియా బాక్సింగ్ అభిమానులు తమ ఊరి మేటి బాక్సర్‌కు, మేటి పోరుకు ఇచ్చే అవార్డులకు పెట్టుకున్నది ఆయన పేరే.