ఊరి మురుగులో కలిపితే లెక్కలోకి రాదు

2014 మే నెల. అమెరికాలోని మిస్సోరి రాష్ట్రం, అరోరా అనే చిన్న ఊరు. టైసన్ ఫుడ్స్ వారి దాణా మిల్లులో ఒక ట్యాంకు కారింది. అందులో ఉన్నది ఆలిమెట్, కోళ్ల మేతలో కలిపే పోషక ద్రవం. కోడికి బలమే గానీ పీహెచ్ ఒకటికి లోపు ఉండే గాఢమైన ఆమ్లం. కారినదాన్ని ట్యాంకర్లకెక్కించి, పక్కనే మొనెట్‌లో ఉన్న అదే కంపెనీ కోళ్ల ప్లాంటుకు తోలారు. అక్కడి శుద్ధి ఏర్పాటు అలాంటి సరుకు కోసం కట్టింది కాదు. ఆమ్లం దాన్ని దాటుకుని ఊరి మురుగునీటి కేంద్రంలోకి చేరింది, అమ్మోనియాను హరించే బ్యాక్టీరియాను చంపేసింది. ఇక అడ్డుకునేదేమీ లేక అమ్మోనియా నేరుగా క్లియర్ క్రీక్ వాగులో కలిసింది. లక్షకు పైగా చేపలు చచ్చిపోయాయి.

కంపెనీ 2017లో నేరం ఒప్పుకుంది. 20 లక్షల డాలర్ల జరిమానా పడింది. ప్రమాదం జరిగితే పట్టుకోవడానికి చట్టం ఉందన్నమాట. ప్రమాదమేమీ జరగని మామూలు రోజున అలాంటి ప్లాంటు నుంచి ఊరి మురుగులోకి పోయే నీటి మాటేమిటి? ఈ పరిశ్రమకంటూ దేశమంతటికీ వర్తించే పరిమితి ఒక్కటీ లేదు.

ఆ నీటిలో ఏముంటుందో చూద్దాం. ప్లాంటులో కోడిని వేలాడదీసి, నెత్తురు కార్చి, వేడినీటి తొట్టిలో ముంచి, రబ్బరు వేళ్లలాంటి యంత్రాలతో ఈకలు పీకి, పేగులు తీసి, కడిగి, చన్నీళ్లలో చల్లబరుస్తారు. ప్రతి మెట్టులోనూ నీళ్లే. నెత్తురు, కొవ్వు, పేగుల్లోని మలం, యంత్రాలు కడిగిన రసాయనాలు అన్నీ వాటితోనే బయటికొస్తాయి. మన వీధి చికెన్ సెంటర్ వెనక కాలువను తలచుకుంటే వాసన అర్థమవుతుంది, పరిమాణం మాత్రం అర్థం కాదు. నెత్తురులోని ప్రొటీన్ కుళ్లితే అమ్మోనియా, అది మారితే నైట్రేట్. ఫాస్ఫరస్ కూడా తోడైతే వాగులో నాచు పెచ్చుపెరుగుతుంది. నాచు చచ్చి కుళ్లేటప్పుడు నీటిలోని ఆక్సిజన్‌ను లాగేస్తుంది. అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ స్వయంగా తేల్చిన మాట ఇది: పరిశ్రమలన్నిటిలో ఫాస్ఫరస్ వదలడంలో మాంసం పరిశ్రమది మొదటి స్థానం, నైట్రోజన్‌లో రెండోది.

ఈ కాలుష్యంపై ఆ దేశం మొదటి నిబంధనలు పెట్టింది 1974లో. మన జల కాలుష్య నివారణ చట్టమూ ఆ ఏడాదే వచ్చింది. అమెరికా నిబంధనల్లోకి కోళ్ల ప్లాంట్లు రావడానికి మాత్రం 2004 దాకా ఆగాల్సి వచ్చింది. అప్పుడు పెద్ద కోళ్ల ప్లాంట్లకు పెట్టిన నైట్రోజన్ పరిమితి నెల సగటున లీటరుకు 103 మిల్లీగ్రాములు. అక్కడి తాగునీటిలో నైట్రేట్ రూపంలోని నైట్రోజన్‌కు పరిమితి 10. ఫాస్ఫరస్‌కైతే పరిమితే పెట్టలేదు.

అసలు చిల్లు వేరే చోట ఉంది. ఈపీఏ లెక్కల్లో మాంసం ప్లాంట్లు 5,000కు పైనే. వాటిలో ఈ నిబంధనలు తగిలేది సుమారు 150కి. నేరుగా నదిలోకి గొట్టం పెట్టిన పెద్ద ప్లాంట్లకే అవి వర్తిస్తాయి మరి. 3,700 దాకా ప్లాంట్లు ఊరి మురుగు వ్యవస్థలోకి వదిలి చేతులు దులుపుకుంటాయి. ఇళ్ల మురుగు కోసం కట్టిన చిన్న ఊరి కేంద్రం ఆ నెత్తురు నీటిని ఎంతని భరిస్తుంది? సొంతంగా పరిమితి పెట్టే అధికారం ఊళ్లకు ఉంది. కానీ సగం ఊరికి జీతాలిచ్చే కంపెనీతో మున్సిపాలిటీ ఎంత గట్టిగా మాట్లాడగలదో మనకెవరూ చెప్పక్కర్లేదు.

పర్యావరణ సంఘాలు కోర్టుకెక్కాయి. ఒప్పందం కుదిరి, 2023 డిసెంబరులో ఈపీఏ కొత్త ముసాయిదా తెచ్చింది. ఫాస్ఫరస్‌కు పరిమితి, ఊరి మురుగులోకి వదిలే పెద్ద ప్లాంట్లకు ముందే కొవ్వు, మడ్డి తీసేయాలన్న షరతు, మొత్తం 845 ప్లాంట్లకు వర్తింపు. ఏటా 10 కోట్ల పౌండ్ల కాలుష్యం తగ్గుతుందని అంచనా వేశారు. ఇందులో కొత్త శాస్త్రమేమీ లేదు. గాలి బుడగలతో కొవ్వును పైకి తేల్చి గీకేయడం, బ్యాక్టీరియాతో నైట్రోజన్‌ను గాలిలోకి పంపడం, ఇనుప లవణాలతో ఫాస్ఫరస్‌ను అడుక్కి దించడం, అన్నీ ఏళ్లుగా వాడుకలో ఉన్నవే.

2025 ఆగస్టు ఆఖరున ఈపీఏ ఆ ముసాయిదాను ఉపసంహరించుకుంటున్నట్టు ప్రకటించింది. మాంసం ధరలు పెరుగుతాయన్నది చెప్పిన కారణాల్లో ఒకటి. ఆ వాదన నాకు మింగుడుపడలేదు. ముసాయిదాకు ఈపీఏయే వేసిన ఖర్చు ఏటా 23 కోట్ల డాలర్ల చిల్లర. ఆ దేశంలో ఏడాదికి కోసే కోళ్లు 900 కోట్లకు పైమాటే. పశువులను, పందులను పక్కనపెట్టి భారమంతా కోళ్ల మీదే వేసినా కోడికి మూడు సెంట్లు దాటదు. పెట్టుబడికి తట్టుకోలేని ప్లాంట్లు కొన్ని ఉండొచ్చు. వాటికి గడువివ్వొచ్చు, సాయం చేయొచ్చు.

టైసన్ ప్రధాన కార్యాలయం ఆర్కాన్సాలోని స్ప్రింగ్‌డేల్‌లో. పక్కనే ఉన్న బెంటన్‌విల్‌లో వాల్‌మార్ట్ కొలువులకు వెళ్లిన తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి. చుట్టుపక్కల ఏ ఊళ్లోనైనా మురుగు కేంద్రాన్ని పెంచాల్సి వస్తే దాని ఖర్చు ఇంటింటి నీటి బిల్లులో కలుస్తుంది. ప్లాంటు కట్టని మూడు సెంట్లు అక్కడ తేలతాయి.