ఎయిర్‌సాఫ్ట్ తుపాకుల బ్యాటరీలు: అపోహలు – వాస్తవాలు

విద్యుత్తుతో పనిచేసే ఎయిర్‌సాఫ్ట్ తుపాకిలో బ్యాటరీ గుండును నేరుగా నెట్టదు. అది మోటారును తిప్పితే, ఆ మోటారు గేర్ల ద్వారా పిస్టన్‌ను వెనక్కి లాగి స్ప్రింగును బిగిస్తుంది, స్ప్రింగు ఒక్కసారిగా విడివడినప్పుడు పిస్టన్ నొక్కిన గాలి 6 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ గుండును బయటికి తోస్తుంది. ఈ సంగతి గ్రహిస్తే, ఎక్కువ వోల్టుల బ్యాటరీ పెడితే గుండు మరింత దూరం పోతుందన్న అపోహ దానంతటదే వీగిపోతుంది. గుండు వేగాన్ని ప్రధానంగా నిర్ణయించేది స్ప్రింగు బలం. వోల్టేజితో పెరిగేది నిమిషానికి పేలే గుండ్ల సంఖ్య, ట్రిగ్గరు నొక్కగానే తుపాకి స్పందించే చురుకుదనం. 7.4 వోల్టులకు తయారైన తుపాకికి 11.1 వోల్టులది తగిలిస్తే పిస్టన్ పళ్లు, గేర్లు త్వరగా అరుగుతాయి, ట్రిగ్గరు కాంటాక్టుల మధ్య నిప్పురవ్వలు రేగి అవి మాడిపోతాయి; మోస్‌ఫెట్ అనే అర్ధవాహక స్విచ్చును అమర్చేది ఆ కాంటాక్టులను కాపాడడానికే.

ఎక్కువ ‘సి’ రేటింగు మోటారును కాల్చేస్తుందన్న భయం కూడా నిరాధారమే. మిల్లీ ఆంపియర్ అవర్లు బ్యాటరీ ఎంతసేపు నడుస్తుందో చెబితే, ‘సి’ ఆ సామర్థ్యానికి ఎన్ని రెట్ల కరెంటును సురక్షితంగా తీయవచ్చో చెబుతుంది. 1300 మిల్లీ ఆంపియర్ అవర్ల, 20 సి బ్యాటరీ 26 ఆంపియర్ల దాకా ఇవ్వగలదు, అయితే మోటారు తనకు కావలసినంతే తీసుకుంటుంది. నిజానికి జాగ్రత్త పడవలసింది తక్కువ ‘సి’ విషయంలో, ఎందుకంటే శక్తికి మించి కరెంటు లాగితే బ్యాటరీయే వేడెక్కి ఉబ్బుతుంది.

అన్నిటికంటే ప్రమాదకరమైనది, ప్లగ్గు కుదిరితే ఛార్జరూ కుదిరినట్టేనన్న నమ్మకం. నికెల్ మెటల్ హైడ్రైడ్ బ్యాటరీలకూ, లిపో అని పిలిచే లిథియం పాలిమర్ బ్యాటరీలకూ ఒకే టామియా ప్లగ్గు ఉండవచ్చు గనుక ఒకదాని ఛార్జరు రెండోదానికి ఏ అడ్డూ లేకుండా తగులుకుంటుంది. కాని సెల్లుకు 1.2 వోల్టులుండే నికెల్ బ్యాటరీ కొద్దిపాటి అధిక ఛార్జింగును తట్టుకోగలదు, 3.7 వోల్టుల లిపో సెల్లు మాత్రం 4.2 దగ్గర ఆగి తీరాలి, ఆ హద్దు దాటితే లోపలి రసాయనాలు విచ్ఛిన్నమై వాయువు పుడుతుంది, వేడి వేడిని పెంచుతూ మంట దాకా పోవచ్చు. ఏడు సెల్లుల 8.4 వోల్టుల నికెల్ బ్యాటరీ కోసం చేసిన సాదా ఛార్జరుకు, 7.4 వోల్టుల లిపో 8.4 దగ్గరే నిండిపోయిందని తెలియదు. లిపోకు పక్కన వేలాడే చిన్న తెల్ల ప్లగ్గు, రెండు సెల్లుల బ్యాటరీకైతే మూడు సన్నని తీగలతో ఉండేది, ఇందుకోసమే: బ్యాలెన్స్ ఛార్జరు దాని ద్వారా ప్రతి సెల్లునూ విడిగా కొలిచి సమంగా నింపుతుంది. టెక్సాస్ విశ్వవిద్యాలయపు ఆస్టిన్ ప్రాంగణంలో జాన్ గుడినఫ్ బృందం 1997లో వెల్లడించిన లిథియం ఐరన్ ఫాస్ఫేట్‌తో చేసే 9.9 వోల్టుల బ్యాటరీలు వేడికి ఇంకా నిలకడగా ఉంటాయి, తుపాకి ఆ వోల్టేజికి సరిపడేదైతే పిల్లలున్న ఇంటికి అవే మేలు. వాటి సెల్లు దాదాపు 3.6 వోల్టులకే నిండుతుంది కాబట్టి ఛార్జరులో లిపోను కాక వాటి రకాన్నే ఎంచుకోవాలి.

ప్రతిసారీ బ్యాటరీని పూర్తిగా ఖాళీ చేశాకే ఛార్జి చేయాలన్నది పాత నికెల్ కాడ్మియం రోజుల మాట; లిపో సెల్లు 3 వోల్టుల కిందికి దిగితే శాశ్వతంగా దెబ్బతింటుంది.

పూరీలా పొంగిన లిపోను సూదితో పొడిచి గాలి తీసేస్తే మళ్లీ పనికొస్తుందని భావించేవారున్నారు. ఆ పొంగు లోపల మండే స్వభావం గల వాయువు ఉంటుంది, పైగా సూది గుచ్చితే లోపలి పొరలు ఒకదానికొకటి తగిలి షార్టు సర్క్యూట్ అవుతుంది. అటువంటి బ్యాటరీని వాడకం మానేసి, కొనలకు టేపు చుట్టి, చెత్తబుట్టలో వేయకుండా స్థానిక ప్రమాదకర వ్యర్థాల సేకరణ కేంద్రానికి అప్పగించాలి.

విమాన ప్రయాణంలో తుపాకినీ బ్యాటరీలనూ ఒకే పెట్టెలో సర్దుకోవచ్చనుకోవడం కూడా పొరపాటే. అమెరికా నిబంధనల ప్రకారం ఎయిర్‌సాఫ్ట్ తుపాకి చెక్-ఇన్ సామానులోనే వెళ్లాలి, విడి లిథియం బ్యాటరీలు ప్రయాణికుడి చేతిసంచిలోనే ఉండాలి. 11.1 వోల్టుల, 1300 మిల్లీ ఆంపియర్ అవర్ల బ్యాటరీ సుమారు 14.4 వాట్ అవర్లు, అంటే 100 వాట్ అవర్ల పరిమితికి ఎంతో లోపలే ఉంటుంది. అయినా దానిని చేతిసంచిలోనే ఉంచమనడానికి కారణం, క్యాబిన్‌లో పొగ వస్తే సిబ్బంది చూసి వెంటనే నీళ్లు పోసి చల్లార్చగలరు, సరుకు అరలో ఆ అవకాశం ఉండదు.