చింతగింజలతో పదుల ఆట

పిల్లలూ! మీ ఇంట్లో రెండో తరగతి చదివే తమ్ముడో చెల్లెలో ఉంటే ఒక చిన్న పరీక్ష పెట్టండి. "ముప్పై రెండు రాయి" అనండి. కొందరు సరిగ్గా 32 అని రాస్తారు. మరికొందరు 302 అని రాస్తారు. నవ్వకండి. ముప్పైకి 30, రెండుకి 2 పక్కపక్కన పెట్టారు, అంతే. చెవికి విన్నది విన్నట్టే రాశారు! నూరు దాకా గడగడా అప్పజెప్పినా, అంకె ఉన్న స్థానాన్ని బట్టి దాని విలువ మారుతుందన్న సంగతి వాళ్ల చేతికి ఇంకా అందలేదన్నమాట.

మా శింగనమల వైపు ఈ చిక్కు మరో విధంగా కూడా వస్తుంది. వానలు మొహం చాటేసిన ఏడు వేరుశెనగ పండదు. పెద్దవాళ్లు కూలికోసం బెంగుళూరు వంటి చోట్లకు వలస పోతారు. వెంట వెళ్లిన పిల్లలకు బడి తప్పుతుంది. తిరిగి వచ్చేసరికి తరగతి ముందుకు సాగిపోయి ఉంటుంది. అలాంటి పిల్లవాడిని మళ్లీ లెక్కల దారిలో పెట్టడానికి మీరు సాయపడగలరు. అందుకు పైసా ఖర్చు లేదు.

కావలసినవి: నాలుగు చింతగింజలు, వేలెడు పొడవున్న కందిపుల్లలు ఒక నూరు, పాత సైకిలు ట్యూబు ముక్క, సుద్దముక్క. గింజలను గరుకు రాతిమీద ఒకవైపు అరగదీయండి. నల్లతొక్క పోయి తెల్లపప్పు కనిపించాలి. ట్యూబును అడ్డంగా సన్నగా కోస్తే రబ్బరు ఉంగరాలు వస్తాయి.

ఆడే విధానం: ప్రతి ఆటగాడి ముందు నేలమీద రెండు గళ్లు గీయండి. ఎడమది పదుల గడి, కుడిది ఒకట్ల గడి. గింజలు వేసి, ఎన్ని తెల్లగా పడితే అన్ని పుల్లలు తీసుకోవాలి. నాలుగూ నల్లగా పడితే, అష్టాచెమ్మాలో మాదిరిగా, ఎనిమిది. ఒకట్ల గడిలో తొమ్మిది పుల్లలకు మించి ఉండకూడదు. పది కాగానే కట్టకట్టి ఎడమ గడిలోకి జరపాలి. వేసిన ప్రతిసారీ తన సంఖ్యను నేలమీద రాయాలి. ముందుగా ఐదు కట్టలు చేసినవాడు గెలిచినట్టు.

మూడు కట్టలు, రెండు పుల్లలు ఎదురుగా ఉన్నప్పుడు పిల్లవాడు 302 అని రాయబోతే, "మూడు వందల పుల్లలు ఏవిరా?" అని అడగండి. వాడే దిద్దుకుంటాడు. మూడు కట్టలుండి విడిపుల్ల లేనప్పుడు, ఖాళీ గడికి గుర్తు సున్న అని తెలుస్తుంది. తర్వాత ఆట తిరగవేయండి. ఐదు కట్టలతో మొదలుపెట్టి, పడినన్ని పుల్లలు తిరిగి ఇచ్చేయాలి. కట్ట విప్పక తప్పదు. తీసివేతలో 'అప్పు తెచ్చుకోవడం' అంటే ఇదే!

ఇది కొత్త ఊహ కాదు. 1907లో రోమ్ నగరంలో పసిపిల్లల బడి ప్రారంభించిన మరియా మాంటిసోరీ ఇందుకు పూసలు వాడింది. విడిపూస ఒకటి. తీగకు గుచ్చిన పది పూసలు పది. అలాంటి పది తీగలు చేర్చిన పలక నూరు. ఆమె 1939లో మద్రాసు వచ్చి మన దేశపు ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చింది. ఆ పూసలు కొనాలి. కందిపుల్లలు చేలోనే దొరుకుతాయి.

ఇక మీకొక లెక్క. నాలుగు గింజలు పడగల తీరులు 2×2×2×2, అంటే 16. అందులో రెండు తెల్లగా పడే తీరులు 6, నాలుగూ నల్లగా పడే తీరు ఒక్కటే. అందుకే ఎనిమిది అరుదు! అయితే ఇది రెండు ముఖాలూ సమానంగా పడితేనే. గింజకు ఒకవైపు చదును, మరొకవైపు ఉబ్బు. మరి సమానంగా పడతాయా? ఒకే గింజను నూరుసార్లు వేసి, ఎన్నిసార్లు తెల్లగా పడిందో రాసి చూడండి.

ఒక జాగ్రత్త. గింజలు నోట్లో, ముక్కులో పెట్టుకునే పసివాళ్లకు ఈ ఆట వద్దు. ఆట ముగిశాక గింజలు లెక్కపెట్టి దాచండి.

ఈ ఆదివారమే మొదలుపెట్టండి. మీ వీధిలో బడి తప్పిన పిల్లవాడుంటే మొదటి పందెం వాడికే ఇవ్వండి.