బగ్ అక్కడ... వైద్యం ఇక్కడ!

ఇంట్లో కంప్యూటర్ మొరాయిస్తే ఏం చేస్తాం? ఓసారి ఆపి మళ్లీ ఆన్ చేస్తాం. మరి ఆ కంప్యూటర్ 19 కోట్ల కిలోమీటర్ల దూరంలో, అంగారకుడి మీద ఉంటే? మీట నొక్కడానికి అక్కడ ఎవరూ ఉండరు. తనంతట తానే ఆగాలి, తనంతట తానే లేవాలి. 1997లో అచ్చం అలాగే జరిగింది!

ఆ ఏడాది జులై 4న నాసా నౌక పాత్‌ఫైండర్ గాలిసంచుల సాయంతో బంతిలా ఎగిరెగిరి పడి, అంగారకుడి నేల మీద కుదురుకుంది. అందులోంచి పదిన్నర కిలోల సోజర్నర్ బండి కిందికి దిగింది. ప్రపంచమంతా చప్పట్లు కొట్టింది. ఆ సంబరం తీరకుండానే చిక్కు మొదలైంది. వాతావరణ వివరాలు సేకరించడం మొదలైన కొద్దిరోజులకే నౌకలోని కంప్యూటర్ ఉన్నట్టుండి రీసెట్ అయిపోయింది. ఒకసారి కాదు, మళ్లీ మళ్లీ.

అదృష్టమేమిటంటే, అప్పటికే సేకరించిన సమాచారం పోలేదు. కానీ ఆ రోజు చేయాల్సిన మిగతా పనులన్నీ మర్నాటికి వాయిదా! నౌకకు పెట్టుకున్న గడువేమో 30 రోజులే. అందులో ప్రతి పూటా విలువైనదే.

ఎదురుచూడటమే ఉద్యోగం!

ఇలాంటి కంప్యూటర్లలో ప్రోగ్రాం మొదలై, పని ముగించి వెళ్లిపోదు. రైల్వేస్టేషన్‌లో విచారణ కౌంటర్ గుమాస్తాలా కూర్చుని ఉంటుంది. ఎవరైనా వస్తే సమాధానం చెబుతుంది, మళ్లీ ఎదురుచూస్తుంది. దీన్నే ‘ఈవెంట్ లూప్’ అంటారు. పాత్‌ఫైండర్‌లో ఇలాంటి చక్రం ఒకటి సెకనుకు 8 సార్లు తిరిగేది. ప్రతి చుట్టులోనూ పని సమయానికి పూర్తయిందా లేదా అని చూడటానికి ఓ కాపలా ప్రోగ్రాం ఉండేది. పూర్తికాలేదంటే ఏదో తేడా వచ్చినట్టే. వెంటనే రీసెట్ చేసేది. అంటే, కాపలాదారు తన పని సరిగ్గానే చేశాడు. మరి తప్పెక్కడ?

బీరువా తాళం కథ

ఒక ఇల్లు ఊహించుకోండి. బీరువా తాళాలు చిన్నవాడి చేతిలో ఉన్నాయి. నాన్నకు అర్జెంటుగా బీరువా తెరవాలి. ఇంట్లో నాన్న మాటకే విలువెక్కువ, కానీ తాళం వస్తేగా! తెచ్చిద్దామని చిన్నవాడు బయల్దేరితే అన్నయ్య ఆపి ఏదో పని చెప్పాడు. అన్న మాట కాదనలేడు. నాన్న బీరువా దగ్గర నిలబడే ఉన్నాడు!

నౌకలో జరిగిందీ ఇదే. ముఖ్యమైన ప్రోగ్రాంకు కావాల్సిన ‘తాళం’ వాతావరణ వివరాలు చూసే చిన్న ప్రోగ్రాం దగ్గర ఉండిపోయింది. మధ్యస్థాయి ప్రోగ్రాంలు వచ్చి ఆ చిన్నదాన్ని ఆపేశాయి. దీన్ని ‘ప్రయారిటీ ఇన్వర్షన్’ అంటారు.

భూమ్మీద కవల సోదరుడు

ఈ సంగతి తెలిసిందెలా? కాలిఫోర్నియాలోని పాసడీనాలో ఉన్న జెట్ ప్రొపల్షన్ ల్యాబొరేటరీలో ఆ నౌక కంప్యూటర్‌కు కవలలాంటి నమూనా ఉంది. ఇంజినీర్లు దాంట్లో అదే ప్రోగ్రాం నడిపారు. ఏ పని ఎప్పుడు మొదలైంది, ఎవరి కోసం ఎవరు ఆగారు... అన్నీ డైరీలా రాసిపెట్టే సదుపాయాన్ని ఆన్ చేశారు. చివరికి ఇక్కడా అదే రీసెట్ వచ్చింది. డైరీ తిరగేస్తే దొంగ దొరికాడు!

నిజానికి ప్రయోగానికి ముందు జరిపిన పరీక్షల్లోనూ ఈ జబ్బు ఒకటి రెండుసార్లు తొంగిచూసింది. మళ్లీ రప్పించలేకపోవడంతో కారణం తేలలేదు.

మందు మాత్రం చిన్నదే. తాళం చేతిలో ఉన్నంతసేపూ చిన్నవాడికి నాన్నంత హోదా ఇవ్వడం! అప్పుడు అన్నయ్య ఆపలేడు. ఆ సదుపాయం సాఫ్ట్‌వేర్‌లో ముందే ఉంది, దాన్ని వాడేలా మార్చాలంతే. ఆ కాస్త మార్పునే రేడియో సంకేతాలుగా పంపారు. సంకేతం చేరడానికే పది నిమిషాలకు పైగా పట్టేంత దూరం! రీసెట్‌లు ఆగిపోయాయి. నెల రోజులనుకున్న పాత్‌ఫైండర్ సెప్టెంబరు 27 దాకా సమాచారం పంపుతూనే ఉంది.

డాక్టర్ పడిపోకూడదు

ఇలా ప్రోగ్రాంల జబ్బులు వెతకడానికి వాడే మరో ప్రోగ్రామే ‘డీబగ్గర్’. రిచర్డ్ స్టాల్‌మన్ 1986లో రాసిన జీడీబీ ఇందులో బాగా పేరున్నది. దీని గుండె కూడా ఈవెంట్ లూపే. ఒకవైపు ఇంజినీరు ఇచ్చే ఆజ్ఞల కోసం, మరోవైపు ‘రోగి’ ప్రోగ్రాం నుంచి వచ్చే కబుర్ల కోసం ఎదురుచూస్తుంటుంది. ఆగిందా, కూలిందా, ముగిసిందా అని!

ఇంజినీరు లేనిపోని చోట ఏముందో చూడమంటే? డీబగ్గర్ కుప్పకూలదు. ‘వీలు కాదు’ అని చెప్పి, సగంలో ఉన్న పనిని వదిలేసి, మళ్లీ తన కుర్చీలో కూర్చుంటుంది. వదిలేసేటప్పుడు శుభ్రం చేయడమే అసలు కష్టం. రోగిని ఫలానా చోట ఆపడానికి డీబగ్గర్ ఆ ప్రోగ్రాంలో ఓ ఆజ్ఞను తీసి, ‘ఆగు’ అనే ఆజ్ఞ పెడుతుంది. పని ముగించి వెళ్లేటప్పుడు పాతది తిరిగి పెట్టకపోతే అక్కడికి చేరగానే రోగి కూలిపోవచ్చు. ఆపరేషన్ చేసి కడుపులో కత్తెర మరిచిపోవడం లాంటిదే ఇది!

తప్పే చేయని ప్రోగ్రాం ఎవరూ రాయలేరు. పడినా లేచేలా, ఎక్కడ పడిందో గుర్తుండేలా రాయగలరు. ఈసారి మీ సెల్‌ఫోన్‌లో ఏదో యాప్ ‘ఆగిపోయింది’ అన్న మాట కనిపిస్తే విసుక్కోకండి. యాప్ పడింది కానీ... ఫోన్ నిలబడే ఉంది కదా!